వెబ్ అప్లికేషన్‌లో రిక్వెస్ట్ అప్పగింత

బ్రౌజర్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ను మొదట అందుకున్న హ్యాండ్లర్, దాన్ని తానొక్కటే పూర్తిచేయకుండా మరో హ్యాండ్లర్‌కు ఇవ్వడాన్ని ఈ వ్యాసంలో అప్పగింత అంటున్నాం. ఒక చిరునామాకు వచ్చే రిక్వెస్ట్‌ను చదివి రెస్పాన్స్ రాసి పంపే ప్రోగ్రాం ముక్కే హ్యాండ్లర్. జావాలో దాని పేరు సర్వ్‌లెట్, జాంగోలో వ్యూ, రైల్స్‌లో యాక్షన్. గో భాషలోనూ పీహెచ్‌పీ ప్రమాణాల్లోనూ పేరే హ్యాండ్లర్. పేరు ఏదైనా అవసరం ఒకటే. లాగిన్ అయ్యారో లేదో చూడటం, ఫారంలోని వివరాలు సరిచూడటం, డేటాబేస్‌లో రాయడం, చివరికి పేజీ తయారుచేయడం, ఇవన్నీ ఒకే చోట ఇరికిస్తే ఆ ప్రోగ్రాంను రెండో ఏడాదికి ఎవరూ ముట్టుకోలేరు. పనిని విడగొట్టాలి. విడగొట్టాక చేతులు మారక తప్పదు.

చేతులు మారే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిని వేరుచేసి చూడటానికి రెండు ప్రశ్నలు చాలు. చేతులు మారిన సంగతి ఎవరెవరికి తెలుస్తుంది? రిక్వెస్ట్ వెంట ఏమేమి వెళ్తాయి? ఈ రంగంలో కనిపించే తప్పులు, భద్రతా లోపాలు చాలామటుకు ఈ రెండు ప్రశ్నలకు జవాబు సరిగ్గా తెలియకపోవడం వల్ల వచ్చినవే.

కిటికీ దగ్గర అర్జీ

తహసీల్దారు కార్యాలయానికి ఒక రైతు అర్జీ పట్టుకుని వెళ్ళాడనుకుందాం. కిటికీ దగ్గరున్న గుమాస్తా దాన్ని తీసుకుని, తానే లోపలి బల్లకు పంపి, అక్కడ రాసిన జవాబును అదే కిటికీలోంచి ఇవ్వవచ్చు. అర్జీ ఎన్ని బల్లలు తిరిగిందో రైతుకు తెలియదు. ఇది ఫార్వర్డ్. అలా కాకుండా, “ఇది ఇక్కడ కాదు, ఆరో నంబరు గదికి వెళ్ళండి” అని చీటీ రాసి ఇవ్వవచ్చు. రైతు ఆ గదికి నడిచి వెళ్ళి, మొదటినుంచి మళ్ళీ చెప్పుకోవాలి. ఇది రీడైరెక్ట్. మూడో పద్ధతిలో గుమాస్తా జవాబు తానే రాస్తూ, మధ్యలో సర్వేయర్ చేత నాలుగు వాక్యాలు రాయించుకుంటాడు. ఇది ఇంక్లూడ్. నాలుగోదాంట్లో అర్జీ వరుసగా బల్లల మీదుగా వెళ్తుంది. ఒక్కొక్కరూ చూసి, సంతకం చేసి, పక్కవారికి జరుపుతారు. అభ్యంతరం ఉంటే ఎవరైనా అక్కడే ఆపి తిప్పి పంపవచ్చు. దీన్ని ఫిల్టర్ల వరుస అనీ మిడిల్‌వేర్ అనీ అంటారు.

ఫార్వర్డ్‌కూ రీడైరెక్ట్‌కూ తేడా చెప్పమనడం జావా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల్లో సర్వ్‌లెట్లు నేర్చుకున్నవారిలో ఈ జవాబు కంఠతా పట్టనివారు అరుదు. “ఫార్వర్డ్ సర్వర్ లోపల జరుగుతుంది, రీడైరెక్ట్ బ్రౌజర్ ద్వారా జరుగుతుంది” అనే ఆ ఒక్క వాక్యం నిజమే. అయితే ప్రోగ్రాం రాసేటప్పుడు అక్కరకు వచ్చేది ఆ వాక్యం వెనకున్న వివరం.

ఒక్కో రిక్వెస్ట్‌కు ఒక్కో ప్రాసెస్

1993లో ఎన్‌సీఎస్‌ఏ సర్వర్‌తో మొదలైన సీజీఐ పద్ధతిలో వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ సర్వర్ ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టించేది. రిక్వెస్ట్ వివరాలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రూపంలో ఆ ప్రాసెస్‌కు అందేవి. పని ముగియగానే ప్రాసెస్ చచ్చిపోయేది. ఒక స్క్రిప్ట్ నుంచి పక్క స్క్రిప్ట్‌కు వస్తువులను ఉన్నవి ఉన్నట్టుగా అందించే వీలు లేదు. అయినా ఆ రోజుల్లోనే ఒక అప్పగింత ఉంది. స్క్రిప్ట్ పూర్తి యూఆర్‌ఎల్ కాకుండా, అదే సర్వర్‌లోని ఒక దారిని మాత్రమే లొకేషన్ హెడర్‌లో రాస్తే, సర్వర్ దాన్ని బ్రౌజర్‌కు పంపకుండా ఆ కొత్త దారికే రిక్వెస్ట్ వచ్చినట్టు భావించి తానే జవాబు తయారుచేసేది. సీజీఐ నియమాలను 2004లో పత్రంగా నమోదు చేసిన ఆర్‌ఎఫ్‌సీ 3875 దీన్ని స్థానిక రీడైరెక్ట్ అని పిలిచింది. పేరుకు రీడైరెక్ట్ అయినా నడతలో ఇది ఫార్వర్డే.

సర్వ్‌లెట్లతో పరిస్థితి మారింది. సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో తెచ్చిన ఈ పద్ధతిలో హ్యాండ్లర్ ఒకసారి పుట్టి, సర్వర్ నడిచినంతకాలం మెమరీలోనే ఉంటుంది. ఒకే సర్వ్‌లెట్ వస్తువు లోపల ఎన్నో థ్రెడ్‌లు ఒకేసారి తిరుగుతుంటాయి. అన్నీ ఒకే ప్రాసెస్‌లో ఉన్నాయి కాబట్టి ఒక సర్వ్‌లెట్ మరోదాన్ని పిలవడం సాధ్యమైంది. మొదటి రోజుల్లో దీనికి రెండు దారులు వాడుకలో ఉండేవి. ఒకటి గొలుసుకట్టు. మొదటి సర్వ్‌లెట్ రాసిన రెస్పాన్స్‌ను సర్వర్ రెండో సర్వ్‌లెట్‌కు రిక్వెస్ట్ బాడీగా అందించేది. రెండోది, పేరు చెప్పి పక్క సర్వ్‌లెట్ వస్తువునే నేరుగా చేతికి తీసుకోవడం. ఇది ప్రమాదకరం. ఏ సర్వ్‌లెట్ ఎప్పుడు పుట్టాలి, ఎప్పుడు పోవాలి అన్నది సర్వ్‌లెట్లను నడిపే కంటైనర్ చేతిలో ఉండాలి. దానికి తెలియకుండా ఒకరి వస్తువును మరొకరు పట్టుకుని కూర్చుంటే ఆ లెక్క తప్పుతుంది.

1998 నవంబరులో వచ్చిన సర్వ్‌లెట్ 2.1 ఆ నేరు దారిని మూసి, దాని స్థానంలో రిక్వెస్ట్ డిస్పాచర్‌ను పెట్టింది. ఇక సర్వ్‌లెట్‌కు పక్క సర్వ్‌లెట్ దొరకదు. “ఈ దారిలో ఉన్నదానికి ఇది ఇవ్వు” అని కంటైనర్‌ను అడగాలి. మధ్యవర్తి చేతుల మీదుగానే అప్పగింత. చూడటానికి చిన్న మార్పులా ఉన్నా, ఇక్కడ తేలిన పద్ధతే పాతికేళ్ళు దాటినా పెద్దగా మారలేదు. 2020లో జకార్తా పేరుతో మొత్తం ప్యాకేజీల పేర్లే మారినా ఫార్వర్డ్, ఇంక్లూడ్ అనే రెండు మెథడ్‌లు అలాగే ఉన్నాయి.

అదే కాలంలో జేఎస్‌పీ పేజీలు వచ్చాయి. జావా కోడ్‌ను హెచ్‌టీఎంఎల్ మధ్యలో రాయగలగడం మొదట వరంలా కనిపించింది. కొద్ది కాలంలోనే పేజీల నిండా డేటాబేస్ పిలుపులు చేరి పీటముడి పడింది. దానికి విరుగుడుగా మోడల్ 2 అన్న అమరిక ప్రచారంలోకి వచ్చింది. సర్వ్‌లెట్ రిక్వెస్ట్‌ను అందుకుని, పని చేసి, ఫలితాన్ని రిక్వెస్ట్‌కు తగిలించి, జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేస్తుంది. జేఎస్‌పీ ఆ ఫలితాన్ని పేజీగా రాస్తుంది, అంతే. 2000లో క్రెయిగ్ మెక్‌క్లానహాన్ మొదలుపెట్టిన స్ట్రట్స్ ఈ అమరికను ఎన్నో కంపెనీల్లోకి చేర్చింది. పని ముగించిన యాక్షన్ ఎక్కడికి వెళ్ళాలో అందులో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాసుకునేవారు. అక్కడ విడిగా కోరితే తప్ప వెళ్ళేది ఫార్వర్డ్‌గానే. తర్వాత వచ్చిన స్ప్రింగ్ ఎంవీసీలో వ్యూ పేరుకు ముందు ఫార్వర్డ్ అనో రీడైరెక్ట్ అనో ఒక మాట తగిలిస్తే సరిపోతుంది.

ఫార్వర్డ్ లోపల

సర్వ్‌లెట్ తాను అందుకున్న రిక్వెస్ట్‌నూ రెస్పాన్స్‌నూ అలాగే డిస్పాచర్‌కు ఇస్తుంది. కంటైనర్ కొత్త దారికి తగిన హ్యాండ్లర్‌ను వెతికి, అదే థ్రెడ్‌లో దాన్ని పిలుస్తుంది. బ్రౌజర్‌కు ఏ కబురూ వెళ్ళదు. నెట్‌వర్క్ మీద అదనపు ప్రయాణం లేదు.

మొదటి నిబంధన రెస్పాన్స్‌కు సంబంధించినది. హ్యాండ్లర్ రాసిన అక్షరాలు వెంటనే బయటికి పోవు. ముందు బఫర్‌లో చేరతాయి. టామ్‌క్యాట్ అనే కంటైనర్‌లో మామూలుగా దాని పరిమాణం 8 కిలోబైట్లు. బఫర్ నిండినా, హ్యాండ్లర్ తానే బయటికి తోసినా, స్టేటస్ కోడ్, హెడర్లు బ్రౌజర్‌కు వెళ్ళిపోతాయి. దీన్నే రెస్పాన్స్ కమిట్ అయిందంటారు. కమిట్ కాకముందు ఫార్వర్డ్ చేస్తే కంటైనర్ బఫర్‌లో ఉన్నదంతా తుడిచేసి, రెండో హ్యాండ్లర్‌కు ఖాళీ కాగితం ఇస్తుంది. కమిట్ అయ్యాక ఫార్వర్డ్ చేస్తే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఈ లోపం దొరకబుచ్చుకోవడం కష్టం కావడానికి కారణం కూడా బఫరే. పరీక్షించేటప్పుడు పది వరుసల పేజీ, అన్నీ బఫర్‌లో ఇమిడిపోతాయి, ఫార్వర్డ్ పనిచేస్తుంది. అసలు వాడుకలో వెయ్యి వరుసలు వచ్చిన రోజు బఫర్ పొంగి, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ప్రోగ్రాం విరుగుతుంది.

రెండో నిబంధనను కొత్తవారు మరిచిపోతారు. ఫార్వర్డ్ ఒక మామూలు మెథడ్ పిలుపు. రెండో హ్యాండ్లర్ పని ముగించాక అదుపు మొదటి హ్యాండ్లర్‌కే తిరిగి వస్తుంది, తర్వాతి వాక్యాలు నడుస్తాయి. రెస్పాన్స్ అప్పటికే మూసేసి ఉంటుంది కాబట్టి ఏం రాసినా బయటికి పోదు. కానీ డేటాబేస్‌లో రాసే వాక్యం ఉంటే అది నడిచి తీరుతుంది. “లాగిన్ కాలేదు” అని లాగిన్ పేజీకి ఫార్వర్డ్ చేసి, రిటర్న్ అని రాయడం మరిచిపోతే, చూసేవారికి లాగిన్ పేజీ కనిపిస్తుంది. తెర వెనక మాత్రం వారికి అధికారం లేని పని జరిగిపోతుంది. తప్పు జరిగిన ఆనవాలు పేజీ మీద ఎక్కడా ఉండదు.

ఇక వెంట వెళ్ళేవి. బ్రౌజర్ పంపిన పారామీటర్లు, హెడర్లు, కుకీలు, గెట్టా పోస్టా అనే మెథడ్, అన్నీ రెండో హ్యాండ్లర్‌కు అలాగే చేరతాయి. పోస్ట్‌గా వచ్చింది ఫార్వర్డ్ అయ్యాక గెట్ అయిపోదు. గెట్‌కు మాత్రమే జవాబిచ్చే సర్వ్‌లెట్‌కు పోస్ట్‌ను ఫార్వర్డ్ చేసి, ఈ మెథడ్ చెల్లదనే 405 ఎర్రర్ ఎందుకు వచ్చిందో తెలియక తికమకపడటం చాలామందికి అనుభవమే. డిస్పాచర్‌కు ఇచ్చే దారిలో ప్రశ్నార్థకం తర్వాత కొత్త పారామీటర్లు చేరిస్తే అవి పాతవాటికి ముందు వరుసలో నిలుస్తాయి. ఒకే పేరుతో రెండూ ఉంటే కొత్తదే మొదట దొరుకుతుంది.

మొదటి హ్యాండ్లర్ తయారుచేసిన ఫలితం వెంట వెళ్ళే చోటు వేరు, దాని పేరు అట్రిబ్యూట్. పారామీటర్ బయటినుంచి వచ్చిన అక్షరాల మాట, సర్వ్‌లెట్ దాన్ని మార్చలేదు. అట్రిబ్యూట్ లోపల తగిలించిన వస్తువు. అది ఏ జావా వస్తువైనా కావచ్చు, ఆ రిక్వెస్ట్‌తోనే పుట్టి దానితోనే పోతుంది. అర్జీలో రైతు రాసుకున్నది పారామీటర్ అయితే, ఫైలు మీద గుమాస్తా పిన్ను గుచ్చి పెట్టిన నోట్ అట్రిబ్యూట్. ఈ గీత ఎంత ముఖ్యమో వ్యాసం చివర భద్రత దగ్గర తెలుస్తుంది.

ఫలితాన్ని సర్వ్‌లెట్ సొంత ఫీల్డ్‌లో దాచి తర్వాతివారికి అందించాలనుకోవడం ఘోరమైన పొరపాటు. ఒకే సర్వ్‌లెట్ వస్తువులో ఎందరివో రిక్వెస్ట్‌లు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకరి ఖాతా వివరాలు రాసిన క్షణానికీ చదివిన క్షణానికీ మధ్య మరొకరి రిక్వెస్ట్ వచ్చి దాన్ని మార్చేయగలదు. ఒకరి వివరాలు మరొకరి తెర మీద ప్రత్యక్షమవుతాయి. సర్వర్ మీద రద్దీ లేనప్పుడు ఈ తప్పు బయటపడనే పడదు. రిక్వెస్ట్‌కు సంబంధించినది రిక్వెస్ట్ మీదనే మోయాలి.

చిరునామా విషయంలో ఫార్వర్డ్‌ది రెండు నాల్కల వ్యవహారం. రెండో హ్యాండ్లర్ తన చిరునామా ఏదని అడిగితే కంటైనర్ కొత్త దారినే చెబుతుంది. పాతది కావాలంటే కంటైనర్ ప్రత్యేకమైన పేర్లతో పెట్టి ఉంచిన అట్రిబ్యూట్లలో చూడాలి. ఈ సౌకర్యం 2003లో సర్వ్‌లెట్ 2.4తో వచ్చింది. బ్రౌజర్ మాత్రం పాత చిరునామాలోనే ఉన్నాననుకుంటుంది. దాంతో జేఎస్‌పీలో బొమ్మలకూ స్టైల్‌షీట్లకూ సాపేక్షంగా రాసిన దారులు బ్రౌజర్ లెక్కలో మరోచోటికి పోయి దొరక్కుండా పోతాయి. పేజీ వచ్చింది, రంగులు రాలేదు అంటే మొదట చూడాల్సిన చోటు ఇదే.

సర్వ్‌లెట్ తనకు తానే ఫార్వర్డ్ చేసుకున్నా, రెండు సర్వ్‌లెట్లు ఒకదానికొకటి బంతి విసురుకున్నట్టు ఫార్వర్డ్ చేసుకున్నా, పిలుపు మీద పిలుపు పేరుకుని స్టాక్ నిండి కూలుతుంది. అపాచీ వెబ్ సర్వర్, ఎన్‌జింక్స్ తమ అంతర్గత మళ్ళింపులకు పది దగ్గర హద్దు పెట్టాయి. ఆ హద్దు దాటితే 500 ఎర్రర్ ఇస్తాయి.

ఇంక్లూడ్

పేజీ తలభాగం, అడుగుభాగం, పక్క పట్టీ వంటివి వేరే హ్యాండ్లర్ చేత రాయించుకోవడానికి ఇంక్లూడ్ వాడతారు. బఫర్ తుడవడం ఉండదు. పిలిచినవారు రాసినదాని వెనకే పిలిపించుకున్నది రాస్తుంది. అది హెడర్లూ స్టేటస్ కోడూ మార్చాలని చూస్తే కంటైనర్ పట్టించుకోదు, ఉత్తరం పైన సంతకం పిలిచినవారిదే. చిరునామా కూడా పిలిచినవారిదే కనిపిస్తుంది, ఇంక్లూడ్ అయినదాని సొంత దారి అట్రిబ్యూట్లలో ఉంటుంది. ఫార్వర్డ్‌కు ఇది సరిగ్గా తిరగేసిన అమరిక.

రీడైరెక్ట్: మాట తప్పిన 302

రీడైరెక్ట్‌లో సర్వర్ చేసేది మూడు వందల వరుసలోని ఒక స్టేటస్ కోడ్, లొకేషన్ హెడర్‌లో ఒక చిరునామా రాసి పంపడమే. మిగతాది బ్రౌజర్ పని. కొత్త చిరునామాకు అది కొత్త రిక్వెస్ట్ పంపుతుంది. పాత అట్రిబ్యూట్లు పోతాయి. కొత్త చిరునామా బ్రౌజర్ పట్టీలో కనిపిస్తుంది. అవతలిది మరో సర్వర్ అయినా, మరో దేశంలో ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక చరిత్ర ఉంది. హెచ్‌టీటీపీ 1.0ను నమోదు చేసిన 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1945లో తాత్కాలిక మళ్ళింపుకు 302 ఉంది. పోస్ట్ రిక్వెస్ట్‌కు 302 వస్తే కొత్త చిరునామాకు కూడా పోస్ట్‌గానే వెళ్ళాలన్నది ఆలోచన. బ్రౌజర్లు దాన్ని పాటించలేదు. పోస్ట్‌ను గెట్‌గా మార్చి వెళ్ళాయి. వెబ్ సైట్లన్నీ ఆ నడతకే అలవాటుపడ్డాయి. ప్రమాణం రాసినవారు చివరికి వాడుకకు తలవంచి, ఒక కోడ్‌ను రెండుగా చీల్చారు. తప్పక గెట్‌గా వెళ్ళమని చెప్పే 303 హెచ్‌టీటీపీ 1.1తో 1997లోనూ, మెథడ్ మార్చవద్దని చెప్పే 307 1999లోనూ వచ్చాయి. మెథడ్ మార్చని శాశ్వత మళ్ళింపు 308 కోసం 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా 302 వస్తే బ్రౌజర్ పోస్ట్‌ను గెట్‌గా మార్చవచ్చని ఒప్పుకుంటుంది. సర్వ్‌లెట్లలోని మామూలు రీడైరెక్ట్ మెథడ్ పంపేది నేటికీ 302నే.

బ్రౌజర్ల ఆ తప్పు నడతే ఒక మంచి అలవాటుకు ఆధారమైంది. పరీక్ష ఫీజు కట్టే పేజీ ఉందనుకోండి. ఫారం పోస్ట్ అయింది, సర్వర్ డబ్బు జమచేసుకుని “చెల్లింపు పూర్తయింది” అన్న పేజీకి ఫార్వర్డ్ చేసింది. బ్రౌజర్ దృష్టిలో ఆ పేజీ పోస్ట్‌కు వచ్చిన జవాబే. విద్యార్థి పేజీని రిఫ్రెష్ చేస్తే బ్రౌజర్ అదే పోస్ట్‌ను మళ్ళీ పంపుతుంది. ముందు ఒక హెచ్చరిక చూపిస్తుంది, కానీ కంగారులో దాన్ని చదివేవారు ఎందరు? ఫీజు రెండోసారి కట్టినట్టవుతుంది. ఫార్వర్డ్ బదులు రీడైరెక్ట్ చేస్తే చివరి పేజీ గెట్‌ది అవుతుంది, ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా పేజీ మాత్రమే మళ్ళీ వస్తుంది. పోస్ట్, రీడైరెక్ట్, గెట్ అనే మూడు మాటలతో ఈ పద్ధతి ప్రసిద్ధి. అయితే ఇది రిఫ్రెష్ నుంచి కాపాడుతుందే కానీ, జవాబు రాకముందే బటన్ రెండుసార్లు నొక్కినవారిని కాపాడదు. దానికి ప్రతి ఫారంకూ ఒకసారి మాత్రమే చెల్లే టోకెన్ ఇచ్చి, సర్వర్‌లో సరిచూసుకోవాలి.

రీడైరెక్ట్‌కు ఒక చిక్కుంది. “చెల్లింపు పూర్తయింది” అన్న సందేశం కొత్త రిక్వెస్ట్‌కు ఎలా చేరాలి? అట్రిబ్యూట్లు పోయాయి. యూఆర్‌ఎల్‌లో రాస్తే ఎవరైనా మార్చి రాయవచ్చు. రిక్వెస్ట్‌లు మారినా ఒక్కో వాడుకరి కోసం నిలిచే సెషన్‌లో పెడితే తీసేవారు లేక అలాగే ఉండిపోతుంది. రైల్స్ దీనికి ఫ్లాష్ అనే చక్కని ఏర్పాటు చేసింది. సెషన్‌లో పెట్టిన సందేశం తర్వాతి ఒక్క రిక్వెస్ట్‌కు కనిపించి తనంతట తానే చెరిగిపోతుంది. స్ప్రింగ్ 3.1తో జావావారికీ అది అందింది.

మళ్ళింపులు వలయంలో చిక్కుకుంటే ఇక్కడ సర్వర్ కూలదు. బ్రౌజరే విసిగి ఆపేస్తుంది. వెబ్ ప్రమాణంలో ఆ హద్దు 20.

వరుసలో నిలిచిన హ్యాండ్లర్లు

2001లో సర్వ్‌లెట్ 2.3 ఫిల్టర్లను తెచ్చింది. రిక్వెస్ట్ సర్వ్‌లెట్‌ను చేరేముందు వరుసగా ఫిల్టర్ల గుండా పోతుంది. ప్రతి ఫిల్టర్‌కూ ఒక గొలుసు వస్తువు అందుతుంది. “తర్వాతివారికి ఇవ్వు” అని దాన్ని పిలిస్తే రిక్వెస్ట్ ముందుకు కదులుతుంది, పిలవకపోతే అక్కడితో ఆగుతుంది. పిలుపుకు ముందు రాసిన వాక్యాలు రిక్వెస్ట్ వెళ్ళేటప్పుడు, తర్వాత రాసినవి రెస్పాన్స్ తిరిగొచ్చేటప్పుడు నడుస్తాయి. అందుకే దీన్ని ఉల్లిపాయ పొరలతో పోలుస్తారు. ఏ పొరలోంచి లోపలికి వెళ్ళామో ఆ పొరలోంచే బయటికి రావాలి.

ఫార్వర్డ్‌కూ దీనికీ లోతైన తేడా ఒకటుంది. ఫార్వర్డ్ చేసే హ్యాండ్లర్‌కు తర్వాత ఎవరో తెలుసు, ఆ దారి పేరు తన కోడ్‌లోనే ఉంటుంది. ఫిల్టర్‌కు తర్వాత ఎవరున్నారో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ వరుసను అప్లికేషన్ కట్టేవారు బయటినుంచి నిర్ణయిస్తారు. నా దృష్టిలో వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న అతి విలువైన పాఠం ఇదే. ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది హ్యాండ్లర్ల లోపల కాకుండా ఒకే చోట రాసి ఉంటే, కొత్తగా వచ్చినవారు ఆ ఒక్క చోటు చదివి మొత్తం ప్రయాణాన్ని అర్థం చేసుకోగలరు.

జావా బయట ఈ ఆలోచన ఇంకా వేగంగా పాకింది. 2003 డిసెంబరులో ఫిలిప్ ఈబీ రాసిన పైథాన్ ప్రతిపాదన పెప్ 333, జావాలో సర్వ్‌లెట్ ఏపీఐ వల్ల ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా ఏ సర్వర్‌లోనైనా నడుస్తున్న సంగతిని ఎత్తిచూపి, పైథాన్‌కూ అలాంటిది కావాలంది. అలా వచ్చిన డబ్ల్యూఎస్‌జీఐలో హ్యాండ్లర్ అంటే ఒక పిలవదగిన వస్తువు, అంతే. మరో హ్యాండ్లర్‌ను లోపల పెట్టుకుని పిలిచేదే మిడిల్‌వేర్. సర్వర్‌కు అది అప్లికేషన్‌లా కనిపిస్తుంది, అప్లికేషన్‌కు సర్వర్‌లా కనిపిస్తుంది. 2007లో రూబీకి అలాంటిదే ర్యాక్ వచ్చింది. నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్, తర్వాతివారిని పిలిచే నెక్స్ట్ అన్న ఫంక్షన్‌ను ప్రతి హ్యాండ్లర్ చేతికీ ఇచ్చింది. అక్కడ నెక్స్ట్‌ను పిలవడమూ జవాబివ్వడమూ రెండూ మరిచిపోతే రిక్వెస్ట్ ఎవరి చేతిలోనూ లేకుండా వేలాడుతుంది, బ్రౌజర్ విసిగేదాకా తిరుగుతూనే ఉంటుంది. పీహెచ్‌పీలో 2018లో ఖాయమైన పీఎస్‌ఆర్-15 ఈ ఒప్పందాన్ని రెండు ఇంటర్‌ఫేస్‌లకు కుదించింది.

హ్యాండ్లర్ మామూలు ఫంక్షన్‌గా మారిన ఈ భాషల్లో ఫార్వర్డ్‌కు ప్రత్యేకమైన యంత్రాంగం అక్కర్లేదు. జాంగోలో ఒక వ్యూ మరో వ్యూను పిలిచి, అది ఇచ్చిన రెస్పాన్స్‌నే తిరిగి ఇస్తే పని ముగిసింది. గో భాషలోనూ అంతే. అట్రిబ్యూట్ల పనిని అక్కడ 2016లో గో 1.7తో ప్రామాణిక లైబ్రరీలో చేరిన కాంటెక్స్ట్ చేస్తుంది. మైక్రోసాఫ్ట్ దారి మాత్రం సర్వ్‌లెట్లకు దగ్గరగా నడిచింది. విండోస్ 2000తో వచ్చిన ఏఎస్‌పీ 3.0లో సర్వర్ ట్రాన్స్‌ఫర్ ఫార్వర్డ్‌కూ, సర్వర్ ఎగ్జిక్యూట్ ఇంక్లూడ్‌కూ జంటలు.

2009 డిసెంబరులో సర్వ్‌లెట్ 3.0 మరో మలుపు తిప్పింది. అప్పటిదాకా అప్పగింతంతా ఒకే థ్రెడ్‌లో జరిగేది. నెమ్మదిగా వచ్చే సమాచారం కోసం ఎదురుచూస్తూ థ్రెడ్ ఖాళీగా నిలబడటం వృథా కాబట్టి, రిక్వెస్ట్‌ను పక్కన పెట్టి థ్రెడ్‌ను వదిలేసే వీలు కలిగింది. సమాచారం వచ్చాక మరో థ్రెడ్‌లో రిక్వెస్ట్‌ను మళ్ళీ కంటైనర్‌కు అప్పగించవచ్చు. థ్రెడ్‌కు తగిలించి దాచుకున్న లాగిన్ వివరాల వంటివి ఈ ప్రయాణంలో వెంట రావు. వాటిని చేతులారా కొత్త థ్రెడ్‌కు మోసుకెళ్ళాలి.

కాపలా ఎక్కడ

ఫార్వర్డ్ సంగతి బ్రౌజర్‌కు తెలియదని చెప్పుకున్నాం. కాపలాదారుకు కూడా తెలియకపోవచ్చు. ఫలానా దారిలోని పేజీలు నిర్వాహకులకే అని అప్లికేషన్ అమరికలో రాస్తే, ఆ నిబంధన బయటినుంచి వచ్చిన రిక్వెస్ట్‌కే వర్తిస్తుంది, లోపల జరిగే ఫార్వర్డ్‌కు వర్తించదు. ఇది లోపం కాదు, ప్రమాణంలో స్పష్టంగా రాసి ఉన్న నియమం. ఫిల్టర్లదీ అదే తీరు. ప్రత్యేకంగా అడగకపోతే బయటి రిక్వెస్ట్‌కే అవి నడుస్తాయి. ఫార్వర్డ్‌కూ, ఇంక్లూడ్‌కూ, ఎర్రర్ పేజీకీ కూడా నడవాలంటే ఆ మాట అమరికలో రాయాలి. ఈ వీలు కూడా సర్వ్‌లెట్ 2.4తోనే వచ్చింది. కాపలా లేని ఒక హ్యాండ్లర్ కాపలా ఉన్న మరో హ్యాండ్లర్‌కు ఫార్వర్డ్ చేస్తే, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టే.

ఇదే నియమం మేలుకూ పనికొస్తుంది. వెబ్ ఇన్ఫ్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళను కంటైనర్ బయటివారికి నేరుగా ఇవ్వదు. ఫార్వర్డ్ ద్వారా మాత్రం అందుతాయి. జేఎస్‌పీలను అక్కడ దాస్తే ముందుండే సర్వ్‌లెట్‌ను దాటుకుని వాటిని చేరే దారి ఉండదు.

ఫార్వర్డ్ చేయాల్సిన దారిని బ్రౌజర్ పంపిన పారామీటర్ నుంచి తీసుకుంటే ఆ రక్షణ అంతా గాలికి పోతుంది. అదే ఫోల్డర్‌లోని అమరిక ఫైల్ పేరు రాసి పంపినవారికి అది చేతికి వస్తుంది. రీడైరెక్ట్‌లో ఇలాంటి తప్పు చేస్తే, నమ్మకమైన సైట్ లింకు నొక్కినవారు మోసగాళ్ళ పేజీలో తేలతారు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2010, 2013 సంవత్సరాల పది ప్రమాదాల జాబితాల్లో ఈ రెంటినీ కలిపి పదో స్థానంలో పెట్టింది. విరుగుడు కష్టమైనది కాదు. బయటినుంచి దారి తీసుకోకుండా ఒక గుర్తు మాత్రం తీసుకుని, దానికి సరిపడే దారిని సర్వర్‌లోని పట్టికలోంచి వెతకాలి.

2020 ఫిబ్రవరిలో వెల్లడైన ఘోస్ట్‌క్యాట్ అనే లోపం ఇంకా లోతైనది. టామ్‌క్యాట్‌కు ముందు అపాచీ వంటి సర్వర్ ఉన్నప్పుడు ఆ రెండూ ఏజేపీ అనే భాషలో మాట్లాడుకుంటాయి. 8009 పోర్ట్‌లో అది మామూలుగానే తెరిచి ఉండేది. ముందున్న సర్వర్ తనవాడే కదా అన్న నమ్మకంతో, ఆ దారిన వచ్చిన రిక్వెస్ట్‌కు అట్రిబ్యూట్లు కూడా తగిలించనిచ్చేది టామ్‌క్యాట్. ఇంక్లూడ్ జరిగినప్పుడు కంటైనర్ తాను రాసుకునే అట్రిబ్యూట్లు ఉన్నాయని పైన చెప్పుకున్నాం. ఆ పోర్ట్‌ను చేరగలిగిన ఎవరైనా సరిగ్గా ఆ పేర్లతో, వెబ్ ఇన్ఫ్‌లోని ఫైల్ దారిని రాసి పంపితే, టామ్‌క్యాట్ దాన్ని తాను రాసుకున్న నోట్‌గానే నమ్మి, ఫైల్ తీసి ఇచ్చేసేది. గుమాస్తా పిన్ను గుచ్చి పెట్టాల్సిన నోట్‌ను అర్జీదారే రాసి గుచ్చినట్టు. 9.0.31, 8.5.51, 7.0.100 కూర్పుల్లో దీన్ని సరిచేశారు. ఏజేపీని మామూలుగా మూసి ఉంచడం, తెరిస్తే రహస్య పదం అడగడం, తెలియని అట్రిబ్యూట్లతో వచ్చిన రిక్వెస్ట్‌ను 403తో తిప్పి పంపడం అప్పటినుంచి మొదలయ్యాయి.

అయిదేళ్ళ తర్వాత, 2025 మార్చిలో, మరో లోకంలో అదే తప్పు బయటపడింది. జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ నెక్స్ట్ జేఎస్‌లో మిడిల్‌వేర్ లోపలినుంచి మళ్ళీ రిక్వెస్ట్ పంపితే వలయంలో పడే ప్రమాదముంది. ఎన్నిసార్లు మిడిల్‌వేర్ గుండా వెళ్ళిందో లెక్కపెట్టడానికి ఒక అంతర్గత హెడర్ వాడేవారు. లెక్క హద్దు దాటితే మిడిల్‌వేర్‌ను వదిలేసి రిక్వెస్ట్‌ను నేరుగా ముందుకు పంపేవారు. ఆ హెడర్‌ను బయటివారు రాసి పంపినా సర్వర్ నమ్మేది. మిడిల్‌వేర్ పేరును అయిదుసార్లు రాసిన ఒక్క హెడర్‌తో లాగిన్ తనిఖీ మొత్తం పక్కకు తప్పుకునేది. 15.2.3, 14.2.25 కూర్పులు దాన్ని మూసివేశాయి. వెంటనే కొత్త కూర్పుకు మారలేనివారికి ఇచ్చిన సలహా ఇది: బయటినుంచి ఆ హెడర్‌తో వచ్చే రిక్వెస్ట్‌లు అప్లికేషన్‌ను చేరకుండా ముందే అడ్డుకోవాలి.